నడవా గోడకు మూడు పూతలు

సున్నానికి అబద్ధమాడటం రాదు. ముప్పై ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను. విన్నవాళ్ళ గోడలు నిలబడ్డాయి, విననివాళ్ళ గోడలు పెచ్చులూడాయి. మొన్న ఎస్టేటు మేనేజరుకు కూడా చెప్పాను. ఆయన బాగా చదువుకున్నవాడు, అందుకని వినలేదు.

ఎస్టేటంటే ఊరి బయట తోట మధ్యలో పాతిక గదుల బంగళా. ఒకప్పుడు అందులో ఒక్క కుటుంబం ఉండేది. ఇప్పుడు శని, ఆదివారాల్లో కోర్సులు పెడుతున్నారు. బుట్టలల్లడం, పాత పుస్తకాలకు అట్టలు కుట్టడం, పిట్టల బొమ్మలు గీయడం, పాతకాలపు భోజనపు బల్ల మర్యాదలు కూడానట. ఆఫీసుల్లో కూర్చుని నడుములు పడిపోయినవాళ్ళు వచ్చి, మేం పొట్టకూటికి చేసే పనులు సరదాకు చేసి వెళ్తారు. నాకేం కోపం లేదు. చేతికి పని తగిలితే మనిషికి కాస్త బుద్ధి వస్తుంది.

సున్నం పూత కోర్సు నాది. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో ఉడికించి, తేర్చి, గుడ్డలో వడగట్టి, బంక కలిపి, గోడను తడిపి పాలలా పల్చగా పూయడం నేర్పుతాను. ముప్పై ఏళ్ళు పరంజాల మీద వేలాడినప్పుడు నన్ను అందరూ "ఏయ్ సున్నం" అనేవాళ్ళు, కాస్త మర్యాద తెలిసినవాళ్ళు సున్నమక్క అనేవాళ్ళు. కోర్సు మొదటిరోజు ఎవరో "మేడమ్" అన్నారు. ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఆ పిలుపు నాకు నచ్చిందని దాచుకోవడం దేనికి, చాలా నచ్చింది.

ఈసారి కోర్సుకు వంటింటికీ భోజనాల గదికీ మధ్యనున్న వెనక నడవా ఇచ్చారు. వారం తిరిగితే హెరిటేజ్ డే, ఆ లోపల అది తెల్లబడాలి. నాకు దొరికిన శిష్యులు ఆరుగురు. వాళ్ళలో పనిమంతురాలు పళ్ళ డాక్టరమ్మ. కుంచె పట్టుకోవడం చూస్తేనే తెలిసింది, ఆ చెయ్యి చిన్న చోట్లలో జాగ్రత్తగా తిరగడానికి అలవాటుపడిందని. నడవాలోకి రాగానే ఆమె ఆగిపోయింది.

"మేడమ్, గోడంతా ఇవేం మచ్చలు? చెమ్మా?"

మనిషి నుదుటి ఎత్తులో, అరచేయంతేసి, ముదురు గోధుమరంగు మచ్చలు. లెక్కపెడితే పదకొండు.

"చెమ్మ కాదు," అన్నాను. "తలనూనె."

చెప్పక తప్పింది కాదు. ఆ ఇంటివాళ్ళు నడవాలో నడుస్తుంటే పనివాళ్ళ ముఖం కనబడకూడదు. ఇరుకు నడవా, తప్పుకోవడానికి చోటు లేదు. అందుకని గోడవైపు తిరిగి, నుదురు గోడకానించి, అడుగుల చప్పుడు ఆగేదాకా నిలబడాలి. ఎవరి చోటు వాళ్ళది. రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు. అలా నిలబడ్డవాళ్ళ తలనూనె ఏళ్ళ తరబడి గోడ గచ్చులోకి ఇంకింది. గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు నుదుళ్ళున్నాయి.

"గోడకున్న ఆ చీల పక్కనున్నది మా అమ్మది," అన్నాను. "ఇరవై రెండేళ్ళు ఇక్కడ బట్టలు ఇస్త్రీ చేసింది."

"మీ అమ్మగారిదని ఎలా తెలుసు?"

"మిగతావన్నీ గుండ్రంగా ఉన్నాయా? మా అమ్మది చూడండి, ఎడమకు సాగి ఉంటుంది. ఎడమపక్కన నేనుండేదాన్ని. బడి అయ్యాక చేతిరుమాళ్ళు మడతపెట్టడానికి వచ్చేదాన్ని. నేను సరిగ్గా నిలబడ్డానో లేదో చూడటానికి అమ్మ తల కొంచెం వాల్చేది. అలా వాల్చకూడదు. అయినా వాల్చేది."

డాక్టరమ్మ చూపు మెల్లగా ఎడమకు జరిగి, కిందికి దిగింది. అక్కడ, నా మోచేతి ఎత్తులో, చొక్కా గుండీకంటే కాస్త పెద్ద మచ్చ ఇంకొకటి ఉంది. అది లెక్కలోకి రాలేదు. లెక్కపెట్టేవాళ్ళెవరూ అంత కిందికి చూడరు.

"ఏడేళ్ళప్పుడు," అన్నాను.

మా అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె నుదుటి మీద తెల్లగా సున్నం అంటుకుని ఉండేది, నేను అరచేత్తో తుడిచేదాన్ని. నేను తుడిచేదాకా అమ్మ అద్దం వైపు వెళ్ళేది కాదు. ఆమె పోయి పంతొమ్మిదేళ్ళు. ఆమె తల ఈ లోకంలో ఆనిన గుర్తు ఆ గోడ మీద తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే ఆ శనివారం మచ్చలు వదిలేసి చుట్టూ పూత వేయించాను.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. చొక్కా మీద ఒక్క ముడత కనబడదు. నేను మనసులో ఆయన్ని ఇస్త్రీబాబు అంటాను.

"మేడమ్, ఈ జిడ్డు వదిలేశారేంటి?"

"అది వదిలేయాల్సిందే బాబూ."

"అలా కుదరదు. హెరిటేజ్ డేకి హైలైట్ ఈ నడవానే. అతిథులు పాతకాలం బట్టలేసుకుని ఇటు నడుస్తారు, నాటకాల అమ్మాయిలు ముగ్గురు పనివాళ్ళ వేషంలో టక్కున గోడవైపు తిరుగుతారు. పోయినేడు చప్పట్లే చప్పట్లు! ఫోటోల్లో గోడ తెల్లగా రావాలి."

ఆటకు గోడ కావాలి, గోడ మీద మచ్చ అక్కర్లేదు. మసిపూసి మారేడుకాయ చేస్తారని విన్నాను గానీ సున్నం పూసి చేయడం ఇక్కడే చూశాను.

"ఆ నాటకం మా అమ్మ ఇరవై రెండేళ్ళు ఆడింది," అన్నాను. "చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు."

"మిమ్మల్ని నేనేమీ అనలేదే!" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. "సరే, గీకించి కొత్త గచ్చు పెట్టించండి."

"పెట్టించను."

"పోనీ పైన పూసెయ్యండి."

"పూసినా మచ్చ మళ్ళీ వస్తుంది. జిడ్డు మీద సున్నం నిలవదు. ఎన్ని పూతలు వేసినా నూనె నూనే."

అప్పుడు 'మేడమ్' కాస్తా ఎగిరిపోయింది. "ఇదిగో చూడమ్మా, ఈ కోర్సు నడపడానికి మనుషులు దొరక్క మిమ్మల్ని పెట్టుకోలేదు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కంచం ముందు చెయ్యి ఆపేశాడు. "నీళ్ళలో ఉండి మొసలితో వైరం ఎందుకే? ఒక మచ్చ కోసం?"

"మచ్చ కాదు, మా అమ్మ."

"మీ అమ్మ ఉంటే ఏమనేది? నోరుమూసుకో అనేది."

అది నిజం. అమ్మ అలాగే అనేది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, భయం వల్ల కాదు, ఆ మాట నిజమైనందుకు.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీబాబు తనే కుంచె పట్టాడు. ఫోటో తీయడానికి ఒకతను కూడా వెంట వచ్చాడు. గోడ తడపమన్నాను, తడపలేదు. పల్చగా వేయమన్నాను, పెరుగులా పట్టించాడు. ఒక పూత, రెండు, మూడు. నేను చేతులు కట్టుకుని నిలబడి ప్రతి పూతకూ ఒకే మాట చెప్పాను, "వస్తుంది బాబూ." గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే. సాయంత్రానికి ఆరి గోడంతా మల్లెపువ్వులా అయింది. చీల పక్కన ఏమీ లేదు. అమ్మ మీద ఎవరో దుప్పటి కప్పేసినట్టు అనిపించింది, కళ్ళు మండాయి. కంట్లో సున్నం పడిందని డాక్టరమ్మకు అబద్ధం చెప్పాను. నేను సున్నాన్ని కాదు కదా.

"చూశారా!" అన్నాడు ఇస్త్రీబాబు. చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి, అదొక్కటే నాకు ఓదార్పు.

తర్వాతి ఆదివారం హెరిటేజ్ డే. నడవా చివర బకెట్టు పెట్టుకుని సున్నం పని ఎలా చేస్తారో చూపించమని నాకు ముందే చెప్పి ఉన్నారు, దాన్ని రద్దు చేయడం మర్చిపోయారు. తొమ్మిదింటికి వెళ్ళేసరికి ఇస్త్రీబాబు నడవా మధ్యలో నెత్తిన చేతులు పెట్టుకుని ఉన్నాడు.

వచ్చాయి. మధ్యలో పసుపుగా, అంచుల్లో ముదురుగా, ఒక్కటి కూడా తప్పకుండా పదకొండూ వచ్చాయి. చీల పక్కనున్నది ఎడమకు సాగి ఉంది. దాని కింద చిన్నది కూడా. జిడ్డు ఉన్నచోట సున్నం పొరలుగా లేచిపోయి, మిగతా గోడ తెల్లబడటంతో పాతవాటికన్నా బాగా కనిపిస్తున్నాయి. అంత మంచి పని నేను కూడా చేయలేను.

"అతిథులు గేటు దగ్గరకొచ్చేశారు! చిన్నమ్మగారు కూడా వస్తున్నారు!" అన్నాడు. చిన్నమ్మగారంటే బంగళా సొంతదారు. డెబ్బై దాటినా ఇంకా చిన్నమ్మగారే. ఏడాదికి ఈ ఒక్కరోజే వస్తుంది.

నాటకాల అమ్మాయిల్ని మచ్చలకు అడ్డంగా నిలబెట్టాడు. అమ్మాయిలు ముగ్గురు, మచ్చలు పదకొండు. ఒక కుండీ తెచ్చి పెట్టాడు, అది మోకాళ్ళ దాకా వచ్చింది. చివరికి నా వైపు తిరిగాడు.

"మేడమ్, దండం పెడతాను." అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "మీరు కూడా ఒకదానికి అడ్డం నిలబడండి. ఆ చీల పక్కనున్నది అన్నిటికంటే పెద్దగా కనబడుతోంది."

"అక్కడ నిలబడనా?"

"అక్కడే."

వెళ్ళి నిలబడ్డాను. బకెట్టు కాళ్ళ ముందు పెట్టుకున్నాను. వీపు గోడకు, ముఖం నడవాకు.

"అలా కాదు! గోడవైపు తిరగండి!"

"మా అమ్మ తిరిగింది. చాలు."

ఆయన ఏదో అనబోయాడు గానీ అప్పటికే తలుపు తెరుచుకుంది. అద్దె గౌన్లు, అద్దె టోపీలు, గుసగుసలు. ముందు చిన్నమ్మగారు, చేతికర్రతో. అమ్మాయిలు ముగ్గురూ టక్కున గోడవైపు తిరిగారు. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి నన్ను చూసి ఆగిపోయారు.

చిన్నమ్మగారు నా ముందు ఆగింది. తల దించుకోవడం నా మెడకు ఎంత అలవాటో అప్పుడు తెలిసింది. ఏడేళ్ళప్పటి అలవాటు. మెడను బిగబట్టుకున్నాను.

"ఎవరు నువ్వు?"

"ఇస్త్రీ గదిలో పనిచేసినామె కూతుర్ని. ఇరవై రెండేళ్ళు మీ బట్టలన్నీ మా అమ్మే ఇస్త్రీ చేసింది. ముఖం గుర్తుందా?"

ఆమె ఆలోచించింది. ఆ ముసలామె అబద్ధమాడలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

"లేదు," అంది. "ఈ నడవాలో నేనెప్పుడూ ఎవరి ముఖమూ చూడలేదు. వీపులే చూశాను."

"అయితే ఇవాళ చూడండి. అందరూ నన్ను అచ్చం మా అమ్మలాగే ఉన్నావంటారు."

చూసింది. నేనూ చూశాను. ఎంతసేపో తెలియదు, అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ముందు కళ్ళు దించింది నేను కాదు.

ఆమె ముందుకు నడవబోయింది. కానీ నడవా ఇరుకు, నా ముందు బకెట్టు. నేను జరగలేదు. చిన్నమ్మగారు పక్కకు తిరిగి, ఎదుటి గోడవైపు ముఖం పెట్టి, జాగ్రత్తగా దాటింది. ఆమె వెనక టోపీలవాళ్ళు, గౌన్లవాళ్ళు, ఒక్కొక్కరే, నా కళ్ళలోకి చూడలేక గోడవైపు తిరిగి దాటారు. నాటకాల అమ్మాయిల్లో చిన్నది ఓరకంట చూసి, చూసి, ఇటు తిరిగి నిలబడింది.

నడవా ఖాళీ అయ్యాక ఇస్త్రీబాబు పళ్ళు కొరికాడు. "మీ కోర్సు అయిపోయింది. రేపే మేస్త్రీని పెట్టి ఆ గచ్చంతా చెక్కించేస్తాను."

"పెట్టండి బాబూ," అన్నాను. "ఈ చుట్టుపక్కల గచ్చు పనిచేసే మేస్త్రీలంతా నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. సుత్తి ఎత్తేముందు, ఇది ఎవరి గోడ అక్కా అని నన్నడుగుతారు. చెబుతాను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. నా ఎత్తు కూడా అమ్మ ఎత్తే. తల వెనక్కి వాల్చి, కింద చిన్న మచ్చ ఉన్నవైపు కొంచెం జరిపి, ఆమె మచ్చకు ఆనించి గట్టిగా అదిమాను. ఆ రోజు పొద్దున్నే తలకు నూనె పెట్టుకుని వచ్చాను, కారేటంత.