ఉపదేశి గారు చూపించని చివర

తెనాలిలో పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే షాపు ఒక్కటే మిగిలింది. అది కరుణశ్రీది. ఆ షాపుకి ఇటలీ నుంచి మెయిలు రావడం మాత్రం అదే మొదలు. అక్కడి టీవీ వాళ్ళు యాభై ఏళ్ళ కిందట ఓ దయ్యం కథను మూడు భాగాల నాటకంగా తీశారు. మూడో భాగం టేపు మీద ఎవరో ఫుట్‌బాల్ ఆట రికార్డు చేసేశారు. దాని కాపీ ఒకటి ఒకప్పుడు బాపట్లలో పనిచేసిన ఇటలీ నర్సు దగ్గర ఉండేదట. వెతికి పెట్టగలరా అని అడిగారు.

బాపట్లలో ఆసుపత్రి గుమాస్తాగా రిటైరైన శాలేమురాజు గారు, కరుణశ్రీ ఫోన్ చేసి అడిగితే, రెండు నిమిషాల్లో తేల్చేశారు. నర్సమ్మ వెళ్ళిపోతూ టీవీ, వీసీఆర్, క్యాసెట్లు అన్నీ రేపల్లె చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి తోమాసు గారికి ఇచ్చేసింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. భార్య రాజమ్మ ఉంది.

మర్నాడు పొద్దున్నే కరుణశ్రీ వీసీఆర్‌ని సంచిలో పెట్టుకుని రేపల్లె రైలెక్కింది.

క్యాసెట్ రాజమ్మ బీరువాలో, బైబిలు పక్కనే ఉంది. దాని మీద తోమాసు గారి చేతిరాతతో "యాయీరు కుమార్తె" అని ఉంది. చనిపోయిన తన బిడ్డను ప్రభువు లేపితే చూసుకున్న తండ్రి యాయీరు. ఇటాలియన్ మాట ఒక్కటీ తెలియని తోమాసు గారు, తెల్లగౌనులో పిల్ల శవపేటికలోంచి లేవడం చూసి అది బైబిలు సినిమాయే అనుకున్నారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల కూడికల్లో, ముప్పై ఏళ్ళపాటు, సౌండు తీసేసి టీవీ పక్కన నిలబడి తనే కథ చెప్పేవారు. పిల్ల లేవగానే జనమంతా స్తోత్రం అనేవారు. ఆయన అక్కడే ఆపేసి, ఆ తర్వాత టేపు చెడిపోయిందనేవారు.

కరుణశ్రీ ఇక దాచలేదు. అది బైబిలు కథ కాదని, దయ్యం కథని చెప్పింది.

రాజమ్మ క్యాసెట్‌ని ఒళ్ళోకి లాక్కుంది.

"చెడిపోయిందన్నారంటే చెడిపోయిందేనమ్మా. ఆయన నోట అబద్ధం రాదు. నువ్వాడించాక అది బాగానే ఉందనుకో, నేనేమైపోవాలి?"

"నిజంగానే చెడిపోయుండొచ్చు మామ్మగారూ. చూడకపోతే ఈ అనుమానం రోజూ ఉంటది కదండీ."

రాజమ్మ క్యాసెట్ ఆమె చేతికిచ్చింది.

మొదటి అరగంటా బొమ్మ నిండా గీతలే. పిల్ల లేచి కూర్చుంది. కాసేపటికే గీతలు ఒక్కొక్కటీ మాయమై బొమ్మ తేటగా వచ్చింది. అక్కణ్నుంచి అది ఒకటి రెండు సార్లకు మించి ఆడని టేపు. పిల్ల మెల్లగా నడిచి వెళ్ళి, చేతులు చాచి ఎదురొచ్చిన తండ్రి మెడ కొరికింది.

రాజమ్మ ఆఖరు దాకా కళ్ళు తిప్పకుండా చూసింది.

"మొదటేడు ఆయన పిల్ల లేవగానే టీవీ ఆపి ప్రార్థన మొదలెట్టేశారు" అంది నెమ్మదిగా. "మిగతాది ఇంటికొచ్చి ఒక్కరే చూసుంటారు. అప్పటికే ఊరంతా స్తోత్రం చెప్పేసిందిగా. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్తారు?"

ఇంతలో పక్కింటి రిబ్కా గుమ్మంలోకి వచ్చింది. క్యాసెట్ బాగుచేసే మనిషి వచ్చిందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

"రాజమ్మక్కా, చివరికొచ్చిందా? లేచాక ఆ పిల్ల ఏం చేసిందో చూడాలని మా అమ్మ పోయేదాకా అడిగింది."

రాజమ్మ చెయ్యి చాపి టీవీ ఆపేసింది.

"రాలేదు రిబ్కా. ఆ చివర ఇంక బాగుపడదంట."

రిబ్కా నిట్టూర్చి వెళ్ళిపోయింది. రాజమ్మ క్యాసెట్ తీసి కరుణశ్రీ సంచిలో తనే పెట్టి, తెనాలి రైలుకి టైమవుతోంది బయల్దేరమంది.