నోటుకు పెట్టిన పసుపు

ఈశ్వరప్రసాద్‌కు పాత నోట్ల పిచ్చి. ఆస్ట్రేలియాలోని టూంగాబీలో ఆయనింట్లో ఆల్బములు గరాజ్‌లో ఉంటాయి, కారు ఎండలో మాడుతుంది. భార్య ఉదయలక్ష్మి ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? ఒకరోజు తెగేసి చెప్పింది.

"శనివారం నోటు చూడ్డానికి వచ్చే అమ్మాయి మీకు కొత్తగా దొరికినది డూప్లికేట్ అందో, ఆల్బములన్నీ కౌన్సిల్ వాళ్ళు పాత సామాను ఎత్తుకెళ్ళే రోజున బయట పడేస్తా. కారు లోపలికొస్తుంది!"

ఆ నోటు ఎవరో ఇంటి పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో కొన్న ఫొటో ఫ్రేము వెనక దొరికింది. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో ఏ బ్యాంకు నోట్లు ఆ బ్యాంకే అచ్చేసుకునేది. అలా ఎప్పుడో మూతబడ్డ బ్యాంకుది ఇది. అసలుదో నకిలీదో ఈశ్వరప్రసాద్‌కే తెలీదు. శుక్రవారం సాయంత్రం గుట్టుచప్పుడు కాకుండా దాన్ని లక్ష్మీదేవి పాదాల దగ్గర పళ్ళెంలో పెట్టి, లెంపలేసుకుని వచ్చాడు.

మర్నాడు శ్రీదివ్య వచ్చింది. వేలంపాటల కంపెనీలో పాత నోట్లకు ధర కట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఈశ్వరప్రసాద్ భయంతో నోటు వంక చూడకుండానే పళ్ళెంతో సహా తెచ్చి ముందు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఆమె భూతద్దంతో చూసింది, లైటుకెత్తి చూసింది.

"ఒరిజినలే అంకుల్! ఈజీగా ఎయిట్ థౌజండ్ వచ్చేది."

"వచ్చేదేమిటమ్మా, వస్తుంది అను!"

"మరి నాలుగు మూలలా ఈ బొట్లేంటి? పసుపు కదా ఇది?"

కాఫీ తెస్తున్న ఉదయలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దేవుడి దగ్గర కొత్తది కనపడితే పసుపు పెట్టకుండా ఎలా వదిలేస్తానమ్మా? చీరకి పెట్టమా? కడిగేస్తే పోదూ?"

"అయ్యో ఆంటీ, కడిగితే ఇంకా పాడైపోతుంది! మరక పడితే నోట్లు కలెక్ట్ చేసేవాళ్ళు ముట్టుకోరు. ఇప్పుడు త్రీ హండ్రెడ్ వస్తే గ్రేట్."

ఈశ్వరప్రసాద్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో భార్య మొహం చూశాడు. అది కత్తివేటుకు నెత్తురుచుక్క లేనట్టుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తప్పు చేసి దొరికిపోవడం ఇదే మొదలు! ఆహా, ఎనిమిది వేలు పోతే పోయాయి గానీ, ఎంత హాయిగా ఉందో!

శ్రీదివ్య వెళ్ళగానే ఉదయలక్ష్మి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఏవండీ, మా తమ్ముడు ఉపేంద్రకి మాత్రం చెప్పకండి. జన్మంతా ఏడిపిస్తాడు."

"ఛఛ, ఎందుకు చెప్తాను?" అని ఈశ్వరప్రసాద్ తీరిగ్గా కాఫీ తాగాడు. "అన్నట్టు ఉదయా, గరాజ్‌లో ఇంకో రెండు బీరువాలు పడతాయంటావా?"

ఆవిడ కొలత టేపు తీసుకుని గరాజ్‌లోకి నడిచింది.