నవ్వుతున్న పిల్లకే మంచం

"ఏ పిల్లకి రోగం ముదురుతుందో ముందే చెప్పేస్తుందట. పొయ్యి మీద పాలు పొంగుతాయని మాత్రం తెలీదు!"

అత్తగారు ఈ మాట గోడతో అంది. గోడకవతల వంటింట్లో పొంగిన పాలు తుడుస్తున్న కోడలికి వినపడాలనే అంది. హాల్లో ఫోను చూసుకుంటున్న భర్త పకపకా నవ్వాడు. "డాక్టరమ్మా, నా చొక్కా జాతకం కూడా చెప్పు. ఇవాళ ఇస్త్రీ యోగం ఉందా?" అన్నాడు. ఆమె గుడ్డ పిండుతూ తనూ నవ్వేసింది. నవ్వేస్తే మాట అక్కడితో తెగిపోతుందని పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది.

ఆమె పిల్లల డాక్టరు. కరోనా వచ్చినప్పుడు "పిల్లలకేం కాదులే" అని లోకమంతా ఊపిరి పీల్చుకుంది. నిజమే, చాలామందికి ఏమీ కాలేదు. ఆ "చాలామంది" చాటున మిగిలిపోయిన కొద్దిమందే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పొద్దున మంచం మీద గెంతిన పిల్ల సాయంత్రానికి వాలిపోయేది. ఆ వాలిపోయేదెవరో ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడే తెలిస్తే? జ్వరం పట్టి ఎన్నాళ్ళైంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా ఉంది, రక్తం ఏమంటోంది... విడివిడిగా అడిగితే ఏదీ నోరు విప్పదు. అన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలి. ఎలా అడగాలో ఆమెకు బట్టలు మడతపెడుతుండగానో, అత్తగారి మాత్రలు విడదీస్తుండగానో తట్టేది. తట్టిన క్షణాన ఒళ్ళు ఝల్లుమనేది. చెప్పుకోవడానికి చుట్టూ చూస్తే, "కూరలో ఉప్పు మర్చిపోయావు" అనే మాట ఎదురొచ్చేది. అయినా తట్టినవన్నీ పోగేసి, రాబోయే ముప్పు ముందే చెప్పే లెక్క ఒకటి కట్టింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమెకు "లెక్కల టీచర్" అని పేరు పెట్టాడు. అందరిముందూ అలాగే పిలిచేవాడు. మీటింగులో టీ కప్పులు అందించాల్సి వస్తే మాత్రం, గదినిండా మగ డాక్టర్లున్నా, ఆయన చూపు సరాసరి ఆమె మీదే వాలేది.

పాలు పొంగిన ఆ రోజే వార్డులోకి ఇద్దరు పిల్లలు దాదాపు ఒకేసారి వచ్చారు. ఐసీయూలో ఖాళీగా ఉన్నది ఒకే మంచం. బొద్దుగా ఉన్న పిల్లాడు గొంతు వాచి, ఉలిక్కిపడేలా దగ్గుతూ, వార్డు కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. పక్కన రెండు జడల పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని ఆ ఏడుపు చూసి కిసుక్కున నవ్వుతోంది. కళ్ళు మాత్రం కాస్త ఎర్రబడ్డాయి.

"పిల్లాణ్ణి లోపలికి పంపండి," అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమె అప్పటికే ఇద్దరి పరీక్షలూ చూసేసింది. గుండె దడదడలాడింది, భయంతో కాదు.

"వద్దు సర్. ఆ మంచం పాపకివ్వాలి."

"నవ్వుతున్న పిల్లకా?"

"ఏడ్చే పిల్లాడికి గాలి బాగానే ఆడుతోంది సర్, లేకపోతే అంత గొంతెక్కడిది? ఆక్సిజన్ బావుంది, రక్తంలో తేడా లేదు. మందు వేస్తే వాపు దిగిపోతుంది, నేను కనిపెట్టుకుని ఉంటాను. పాపకి జ్వరం దిగినా గుండె వేగం తగ్గలేదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఒళ్ళంతా లోపల్లోపల మండుతోంది. ఇవన్నీ కలిశాయంటే బీపీ జారిపోతుంది సర్."

"తప్పైతే?"

"నాది తప్పని నేనే ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఆలస్యం చేయొద్దు."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. పెద్ద డాక్టరు చేతులు విదిలించి, "సరే, నీ ఖర్మ," అన్నాడు.

మధ్యాహ్నం దాటకముందే పాప బీపీ జారింది. నవ్వు ఆగిపోయింది, చేతులు చల్లబడ్డాయి. కానీ అప్పటికే మందులు ఎక్కుతున్నాయి, పక్కన నర్సు ఉంది, కావలసిన యంత్రం తల దగ్గరే ఉంది. పొద్దు వాలేవేళకు పాప కళ్ళు తెరిచి, "ఆ ఏడుపుగొట్టువాడు పోయాడా?" అనడిగింది. వాడెక్కడికీ పోలేదు. వార్డులో దర్జాగా కూర్చుని రెండో బిస్కెట్ కోసం బేరమాడుతున్నాడు.

పాప తల్లి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. డాక్టరమ్మ గబగబా మెట్లగదిలోకి వెళ్ళి, ఎవరూ లేరని చూసుకుని, చిన్నపిల్లలా గెంతింది.

"ఏదో గుడ్డిదెబ్బ తగిలిందిలే," అన్నాడు పెద్ద డాక్టరు.

"అయ్యుండొచ్చు సర్," అంది ఆమె తొణక్కుండా. "ఒక్క పాపతో ఏదీ రుజువు కాదు. మనం చూడని పిల్లల మీద కూడా ఈ లెక్క నిలబడాలి."

ఆ మాట అంటుండగానే తనకేం కావాలో స్పష్టమైపోయింది. వేరే ఊళ్ళోని పిల్లల పెద్దాసుపత్రి వాళ్ళు ఆ లెక్క గురించి విని ఎప్పుడో పిలిచారు: కొన్ని నెలలు ఇక్కడికొచ్చి, మా పిల్లల మీద మీ పద్ధతి పరీక్షించి చూడండి అని. "ఇంట్లో కుదరదు" అని చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఇన్నాళ్ళూ నాన్చింది. అక్కడికక్కడే ఫోన్ చేసి, వస్తున్నానంది. అవతల డాక్టరు సంతోషంతో ఏదేదో చెబుతుంటే ఆమెకు సగం వినపడలేదు. చెవుల్లో తన గుండె చప్పుడే.

తర్వాత ఇంటికి చేసింది. భర్త అంతా విన్నాడు.

"వంట ఎవరు చేస్తారు? అమ్మని ఎవరు చూస్తారు?"

"మీ అమ్మగారే కదా. మీరు చూస్తారు."

"ఇంత పెద్ద నిర్ణయం! అసలు ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

ఆమెకు నవ్వొచ్చింది. ఈ నవ్వు మాట తెంచడానికి కాదు.

"నన్నే అడిగాను," అంది. "అడగడమే ఆలస్యం, ఒప్పేసుకున్నాను."