ఇంజను నోటిలోని ముడుపు

వైశాఖమాసమధ్యాహ్నంబున ప్రచండభానుకిరణదగ్ధమై పచ్చనిరేకైనను మిగులక యున్న ఆ కనిగిరిసీమ యెల్ల పొయ్యిమీది పెనము వలె కాలుచుండెను. చెఱువులు నెఱ్ఱెలు వాసియుండెను. ఫ్లోరైడు కలిసిన బోరునీరు త్రావి త్రావి పండ్లు గారపట్టిన బాలకులును మోకాళ్లు వంగిన వృద్ధులును ఖాళీబిందెలను వరుసగా నుంచికొని వేపచెట్ల పలుచని నీడలలో కూర్చుండి ధూళిధూసరితమైన బాటవంక చూచుచుండిరి. పదునొకండేండ్లుగా ఆ బాటను ప్రతిదినమును తీపినీటిపీపాలను మోసికొనివచ్చుచుండిన పాత పికప్పుబండి యిరువదిదినములుగా రాకుండెను.

ఆ బండి మాలకొండయ్యది. దాని యింజను నడిబాటలో పొగలు గ్రక్కి బిగిసి నిలిచిపోయినది మొదలు అతడు కనిగిరిలోని దస్తగిరిమేస్త్రి షెడ్డునకును ఊరూరి పాతయినుపదుకాణములకును తిరుగుచుండెను. అట్టి యింజనులను చేయుట మాని చాలయేండ్లయ్యెను. తుదకు నెల్లూరి దుకాణమొకదానిలో నొక్కటి దొరికెను. ఇది దక్కినచో బండి నిలుచును, ఇది పోయినచో మఱియొకటి లేదు అని మేస్త్రి ముందే చెప్పియుండెను.

ఈ మాట యందఱికంటెను ఎక్కువగా నాటినది మాలకొండయ్య తల్లియగు తిరుపాలమ్మకు. ఆమె పెనిమిటి లారీడ్రైవరై నాగపూరు దాటినచోట నొక లోయలో పడి మరణించెను. ఆ కబురు నాలుగుదినములకు గాని ఊరు చేరలేదు. కడచూపైనను ఆమెకు దక్కలేదు. ఆనాటి నుండి గాలివాన వచ్చినను గుండె దడయే గాలివాన రాకున్నను గుండె దడయే. కొడుకునకు మీసములు రాగానే లారీ యెక్కనని తనతలపై చేయివేయించుకొని ప్రమాణము చేయించి సాయంకాలమునకు ఇల్లు చేరు బ్రతుకు కావలెనని యీ పికప్పుబండిని కొనిపించినది ఆమెయే. బండి లేకున్నచో కొడుకునకు తెలిసిన విద్య మఱియొకటి లేదు. లారీల యజమాని యొకడు రమ్మని రెండుమాఱులు పిలిచిపోయెను.

ఇంజను వచ్చినదినమున నామె అన్నపుక్యారియరు పట్టుకొని షెడ్డునకు వచ్చి ఆ నల్లని లోహపిండమును దవ్వునుండియే పరికించెను.

“ఇది ఏ బండిదయ్యా మేస్త్రీ?”

“ఏదో బండిదిలే అక్కా. ఎనకనించి లారీ గుద్దిందంట. ఇంజను మాత్రం చెక్కుచెదరలా.”

“బండిలో మనిషి ఏమయ్యాడు?”

దస్తగిరి వినియు విననట్లు స్పానరును వెదకికొనుచుండెను. మాలకొండయ్య నవ్వెను.

“అమ్మా, మనం తెచ్చుకుంది ఇంజను. పెళ్లికూతురు కాదు. దాని వంశం అడగబాక.”

“అడగనీరా” అని మేస్త్రి తలయెత్తకయే యనెను. “మా అత్త నాకు పిల్లనిచ్చేటప్పుడు గూడా ఇన్ని అడగలా. అడిగుంటే ఇచ్చేది కాదు.”

వారు నవ్విరి గాని మేస్త్రి తన ప్రశ్నకు బదులు చెప్పలేదని తిరుపాలమ్మ గ్రహించెను. బదులు చెప్పకపోవుటయే బదులని తలచి ఎవని ప్రాణమో పోయిన యింజను తన బిడ్డ కాళ్లముందఱ కూర్చుండబోవుచున్నదని వడకిపోయెను. శనివారము తెల్లవాఱకమున్నే కొండకు పోయి నరసింహస్వామికి మ్రొక్కి పసుపుగుడ్డలో పసుపుకొమ్మును చిల్లికాణిని అక్షతలను ఉంచి మూడుముళ్లు వేసి ముడుపు కట్టెను. కొడుకు చూచినచో పరిహసించి తీసి పాఱవేయును. మునుపు నిమ్మకాయలదండకు పట్టిన గతియు నదియే. కావున దానిని ఱవికలో దాచుకొని అదను కొఱకు కాచియుండెను.

మేస్త్రి నలువదియేండ్ల పనివాడు. దూలమునకు వ్రేలాడు గొలుసుకప్పీతో పాత యింజనును బిడ్డను తొట్టిలోనుండి తీసినట్లు తీసి క్రొత్తదానిని అట్లే దించెను. ఎచ్చటెచ్చట గొట్టములు విప్పబడి నోళ్లు తెఱచుకొనియుండునో అచ్చటచ్చట ధూళిగాని మరగాని పడకుండ ఎఱ్ఱగుడ్డముక్కలను క్రుక్కుట యాతని నియమము. అవి యేడు. పని ముగిసిన పిమ్మట ఏడును లెక్కకు వచ్చినగాని తాళము త్రిప్పనిచ్చువాడు కాడు. కనిగిరి డ్రైవర్లందఱును ఈ యేడుగుడ్డల లెక్కను చూచియే తమ బండ్లను ఆతనికి నమ్మి యప్పగించుచుండిరి.

తరువాతి శుక్రవారము మధ్యాహ్నము మేస్త్రి నమాజునకు పోవుచు మాలకొండయ్యను నూనెడబ్బా తెమ్మని అంగడికి పంపి అన్నము తెచ్చిన తిరుపాలమ్మతో ననెను.

“ఒక్క గడియ ఇట్టా కూచో అక్కా. కుక్కలు రాకుండా చూస్తా ఉండు.”

ఆ నిర్మానుష్యమైన షెడ్డులో మండుటెండకు రేకులు చిటచిటలాడుచుండగా మూత లేని బండిముందఱ నిలిచి ఆ ఎఱ్ఱగుడ్డలను చూచి మేస్త్రియు తన దేవుని పేర నేదియో కట్టియున్నాడు గాబోలునని తలచి అతని దేవునికి తావున్నచోట తన స్వామికి మాత్రము లేకుండునా యని ధైర్యము తెచ్చుకొని గాలి పీల్చు గొట్టపునోటి నుండి ఎఱ్ఱగుడ్డను మెల్లగా తీసి తన ముడుపును కన్నులకద్దుకొని వ్రేళ్లు పోయినంతదూరము లోపలికి త్రోసి మరల ఆ గుడ్డను ఉన్నది యున్నట్లే క్రుక్కి తిరుపాలమ్మ యిరువదిదినములలో మొదటిసారి తేటగా నూపిరి పీల్చెను.

అపరాహ్ణమున పని ముగిసెను. దస్తగిరి గుడ్డలను తీసి యొకటి రెండు మూడని లెక్కించి యేడును భుజముపై వేసికొని గొట్టములు బిగించెను. డీజిలుగొట్టములోని గాలి తీసెను. మాలకొండయ్య బిస్మిల్లా యనుమని మేస్త్రిని గోవిందా యనుమని తల్లిని పరిహాసమాడి తాళము త్రిప్పెను. ఇంజను మేలుకొని గర్జించెను. ఆ గర్జనము పదిలెక్కింపులైనను నిలువలేదు. లోపల సుత్తితో మోదినట్లు నాలుగు దెబ్బలు వినవచ్చెను. బండి యెల్ల నొక్కమాఱు వడకి నిశ్చేష్టమయ్యెను.

ప్రొద్దు వాలులోపల మేస్త్రి ఇంజను తల విప్పెను. గాలి వచ్చు కవాటము వంగియుండెను. పిస్టను పగిలియుండెను. దాని ముక్కలు లోగోడలను చీల్చియుండెను. కవాటము సందున మసిబాఱిన గుడ్డపీలికయు వంగిన చిన్న రాగినాణెమును చిక్కియుండెను. దస్తగిరి వానిని వ్రేళ్లతో లాగి ముక్కున కద్దుకొని చూచెను. పసుపువాసన. ఆతడు తలయెత్తి స్తంభమునానుకొని నిలిచిన తిరుపాలమ్మను ఒక్కసారి చూచెను. ఆమె మొగమున నెత్తురు లేదు. ఆతడు నాణెమున్న పిడికిలిని ముడుచుకొనెను.

“ఏంది మేస్త్రీ అది?” అని మాలకొండయ్య యడిగెను.

“గుడ్డ.”

“ఏడూ లెక్కపెట్టావు గదా. నేను చూశా.”

“ఎనిమిదోది ఒకటి పెట్టాన్రా. మరిచిపోయా. వయసైంది.”

మాలకొండయ్య పగిలిన పిస్టను ముక్కను చేతికి తీసికొనెను. పిదప మెల్లగా ననెను.

“నలభై ఏళ్ల చెయ్యని నమ్మి వచ్చా. లెక్కరాని వాడివి ఆ ఏడు గుడ్డల ఆట ఎందుకు ఆడతా ఉండావు ఇన్నాళ్లనించి?”

దస్తగిరి భుజముపై నున్న ఎఱ్ఱగుడ్డలను తీసి చేతులు తుడుచుకొనెను. తిరుపాలమ్మ స్తంభమును వదలి వాకిలివంకకు తిరిగెను.

రెండుదినములలో నీ వార్త డ్రైవర్లందఱకు ప్రాకెను. షెడ్డుముందఱి బండ్లు ఒక్కటొక్కటిగా వేఱుచోట్లకు తరలెను. ఆదివారము ఉదయమున తిరుపాలమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని షెడ్డునకు వచ్చెను. మేస్త్రి యొక్కడే గోడకు జేరగిలియుండెను.

“నీ పేరు చెడగొట్టా దస్తగిరీ. నేను వాడితో చెప్పేస్తా.”

“చెప్పి?”

“పాపం నాదని చెప్తా.”

“వాడు లారీకి ఒప్పుకున్నాడంట గదా, తెలుసా?”

ఆమెకు తెలియదు.

“సోమవారం పోతాడంట. నామీద కోపంతో పోతే పోనీ, నేనెవుర్ని వాడికి. నీమీద కోపం గుండెలో పెట్టుకోని స్టీరింగు పట్టుకుంటే వాడి కంటికి దారి ఆనుద్దా? అట్టా పంపబాకక్కా.”

ఆతడు కరుణతో ననిన మాట యామె యెదలో భయమై దిగెను. కోపముతో బండి నడపుచున్న కొడుకును లోయను ఒక్కసారిగా కనులకు గట్టినట్లు తలచుకొని నిజమును మ్రింగి ఇల్లు చేరెను. లారీ యెక్కకుండుటకై ప్రమాణము చేయించుకొన్నది తానే. ఆ ప్రమాణమును తప్పించినదియు తన చేయియే. సోమవారము వేకువను మాలకొండయ్య తల్లితలపై చేయివేసి యిచ్చిన మాట వెనుకకు తీసికొనుచున్నాననియు క్షమింపుమనియు చెప్పెను. నన్ను నీవు క్షమింపుమని యామె చెప్పవలసిన క్షణమదియే. “అన్నం వేళకు తిను నాయనా” అని మాత్రము చెప్పెను. ఆతడు పోయెను.

ఇప్పుడు వర్షర్తువు. ఇంజను లేని పికప్పుబండి దస్తగిరి షెడ్డువెనుక వాననీట నానుచున్నది. మేస్త్రి సైకిళ్లకు గాలి కొట్టుచున్నాడు. నీటిబిందెలవారు మరల బోరుకడకే పోవుచున్నారు. నాలుగుదినములకొకమాఱు సంధ్యవేళ మాలకొండయ్య ఫోను చేయును.

“యాడుండావు నాయనా?”

“ఇక్కడే అమ్మా, ఒంగోలు దగ్గర. రేపో ఎల్లుండో వచ్చేస్తా.”

ఆతని మాటల వెనుక ఎవ్వరో తెలియని భాషలో బేరమాడుచుందురు. రైలుకూత వినబడును. తిరుపాలమ్మ యన్నియు వినును.

“ఆ మేస్త్రి కనబడితే పలకరించబాకమ్మా. వాడి వల్లే గదా ఇదంతా.”

“అట్టాగేలే నాయనా.”

భయపడువారు వాకిలివంకనే చూచుచుందురు. ఆపద తమ చేతిగుండనే వచ్చుట వారికి కనబడదు. కనబడిననాడు దానిని చెప్పుటకు మరల భయమే యడ్డమువచ్చును. తల్లి భయపడకుండుటకు కొడుకును కొడుకు తల్లడిల్లకుండుటకు తల్లియు చెప్పుకొను ఆ రెండసత్యముల నడుమ నూఱులకొలది క్రోసుల బాట వానలో తడియుచున్నది. దానిమీద నొక లారీ దీపములు వేసికొని యుత్తరముగా పోవుచున్నది.