సగంలో ఆగిన తల

మా ఆయనకు ఒక జబ్బుంది. చేతికందిన తలను పూర్తి చేయకుండా వదల్లేడు. సెలూన్‌లో కరెంటు పోయినా, వానజల్లు లోపలికి కొట్టినా, నేను భోజనం వడ్డించి గొంతు పోయేలా పిలిచినా సరే, కుర్చీలో ఉన్న మనిషి మెడమీద ఆఖరి వెంట్రుక దాకా సరిచేశాకే కప్పిన బట్ట విప్పుతాడు. రెండో జబ్బు వాదన. కత్తెర ఆడినంతసేపూ నోరు కూడా ఆడాల్సిందే.

ఆ రోజుల్లో వాదనంతా కొత్త చట్టం గురించే. అనుమానం వచ్చిన మనిషిని పట్టుకెళ్ళి, విచారణ లేకుండా, ఎప్పుడు వదులుతారో చెప్పకుండా లోపల ఉంచుకోవచ్చట. మా ఆయన, రిటైరైన హెడ్మాస్టరు గారు ఒక జట్టు. ఈయన "జనం నిశ్చింతగా నిద్రపోవాలంటే ఆమాత్రం ఉండాలండీ" అంటే, ఆయన "అంతేగా మరి" అనేవారు. ఎదురు జట్టులో మా తమ్ముడు ఒక్కడే.

వాడికి సెలూన్ పక్కనే మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు. పెళ్ళికీ కట్టేవాడు, ఆటల పోటీకీ కట్టేవాడు, ఏ పార్టీ వాళ్ళు పిలిచినా వెళ్ళి కట్టేవాడు. అందుకే వీధంతా వాణ్ని మైకనే పిలుస్తుంది. ఇంకా పెళ్ళి కాలేదు, తిండి మా ఇంట్లోనే. బావా బావమరుదులు పోట్లాడుకుంటూ తినకపోతే ఇద్దరికీ అరగదు.

ఆ రోజు నేను టీ తీసుకుని సెలూన్‌కు వెళ్ళేసరికి తమ్ముడు కుర్చీలో ఉన్నాడు. వాదన జోరుగా ఉంది.

"తప్పు చేయనివాడికి భయమెందుకురా?" అంటున్నాడు మా ఆయన.

"చేశాడో లేదో తేల్చేదెవరు బావా? విచారణే లేదంటున్నారుగా!"

"తల కదపకు. చెవి తెగుతుంది."

ఆ చెవి దగ్గర కత్తెర ఉండగానే పోలీసులు వచ్చారు. తమ్ముడి పేరు అడిగి, లేవమన్నారు. ఎడమవైపు దగ్గరగా కత్తిరించడం అయిపోయింది, కుడివైపు ఇంకా మొదలే పెట్టలేదు. మా ఆయన ఎందుకని అడగలేదు. "కాసేపాగండి సార్, ఈ పక్క కూడా అయిపోతుంది" అని బతిమాలాడు.

"తిరిగొచ్చాక చేద్దువుగానిలే" అన్నాడు వాళ్ళలో ఒకాయన, మర్యాదగానే.

తమ్ముడు మెడకున్న తెల్లబట్ట తనే విప్పి బావ చేతిలో పెట్టాడు. "మిగతాది నీ దగ్గర బాకీ బావా" అని నవ్వుతూ వెళ్ళాడు.

నేరమేమిటని అడిగితే చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడానట. ఎవరి మీటింగుకో మైకు కట్టాడని వీధిలో అనుకున్నారు. అదీ అనుకోవడమే. మా ఆయన "రేపో మాపో వచ్చేస్తాడే" అంటూ ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. చట్టం మాత్రం మంచిదేనన్నాడు, ఎక్కడో పొరపాటు జరిగిందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆరేడు నెలలకు, చట్టాన్ని పొడిగించాలా వద్దా అని టౌన్‌హాల్లో ప్రభుత్వ కమిటీ బహిరంగ చర్చ పెడుతోందని తెలిసింది. పొడిగించకపోతే లోపలున్న వాళ్ళందర్నీ వదిలేయాలట.

"మీరు లేచి మాట్లాడండి. మీ మాటంటే ఊళ్ళో గురి ఉంది" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఒకటి చెప్పి, సొంత బావమరిది దాకా వచ్చేసరికి ప్లేటు ఫిరాయించాడంటారే."

"అననివ్వండి. మాట పోతే పోతుంది, మనిషి రావద్దూ?"

ఆయన కత్తెర తీసి, తుడిచిందే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. వాదన లేకుండా ఆయన చెయ్యి ఆడటం చూసి నాకు భయమేసింది.

చర్చకు కొద్దిరోజుల ముందు జైల్లో వాణ్ని చూడటానికి అనుమతి దొరికింది. గాజుపలకకు ఇటు మేం, అటు వాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. కుడివైపు జుట్టు మెడ మీద పడుతోంది. ఎడమవైపు జుట్టు చెవిని కప్పేసింది.

"అదేం అవతారం రా?"

"ఇక్కడా కటింగ్ చేసేవాళ్ళున్నారక్కా, నేనే వద్దన్నా. నా తల మా బావ చేతిలో సగంలో ఉంది, ఆయనే పూర్తి చేయాలని చెప్పా" అన్నాడు. గాజుకు దగ్గరగా జరిగి, "ఇక్కడ చేయించుకుంటే ఇక ఇక్కడివాణ్నే అయిపోతానేమోనని" అన్నాడు.

మా ఆయన కళ్ళు ఆ ఎడమవైపే ఉన్నాయి. తను అంత దగ్గరగా కత్తిరించిన వైపు. గాజు మీద వేలు పెట్టి, చెవి పైనుంచి కిందిదాకా మెల్లగా జరిపాడు.

"ఎప్పుడు పంపుతామన్నారురా?"

"అది తెలిస్తే ఇంకేం కావాలి బావా! శిక్షపడ్డ వాళ్ళను చూస్తే కుళ్ళుగా ఉంది. వాళ్ళకో తేదీ ఉంది."

చర్చ రోజు పొద్దున్నే మా ఆయన నన్ను సెలూన్‌కు తీసుకెళ్ళాడు. తను కుర్చీలో కూర్చుని కత్తెర నా చేతికిచ్చాడు. "ఎడమవైపు తీసెయ్. దగ్గరగా."

ఈ వయసులోనూ ఒత్తుగా ఉన్న ఆ జుట్టంటే ఆయనకు ఎంత మురిపెమో నాకు తెలుసు. అయినా కత్తిరించాను. "వంకర పోతోందండీ" అంటే "పోనీవే" అన్నాడు. నడినెత్తికి రాగానే ఆపమన్నాడు. అద్దంలో సగం తల కనబడగానే ఆయన చెయ్యి అలవాటుగా దువ్వెన మీదికి వెళ్ళింది. దాన్ని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పెట్టుకున్నాడు. కాపురానికి వచ్చాక ఈ మనిషి మీద నాకంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆయన వేదికెక్కగానే హాలంతా ఘొల్లుమంది. మైకు కీచుమని మొరాయించింది. "మన మైకుగాడుంటేనా..." అని ఎవరో అనబోయి ఆగిపోయారు. మా ఆయన మైకు పక్కకు జరిపి గొంతెత్తాడు.

"నవ్వండి, పర్లేదు. మా ఆవిడ చేతి పని ఇది. ఈ చట్టం మంచిదని మీలో చాలామందికి తల దువ్వుతూ చెప్పింది నేనే. అప్పుడు నేను అనుకున్న తల వేరు, ఎవడో ముక్కూమొహం తెలీనివాడిది. మావాడు తప్పు చేశాడో లేదో నాకు తెలీదు. చేస్తే కోర్టులో చెప్పండి, శిక్ష వేయండి, తేదీ ఇవ్వండి. వాడు నా కుర్చీలోకి వచ్చేదాకా నా తల కూడా ఇలాగే ఉంటుంది. అంతే, నాకు ఉపన్యాసాలు రావు."

కమిటీ వాళ్ళు రాసుకున్నారు. పరిశీలిస్తామన్నారు, అంతదాకా చట్టం అలాగే ఉంటుందన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

మర్నాడు హెడ్మాస్టరు గారు సెలూన్‌కు వచ్చారు. "నీ మాట నేనొప్పుకోనయ్యా. చట్టం ఉండాల్సిందే" అన్నారు. మొదటి కుర్చీలో మనిషున్నాడు. తమ్ముడు లేచి వెళ్ళిన రెండోది ఖాళీ. ఆయన దానివైపు చూసి, మోకాళ్ళ నొప్పితోనే గోడకు ఆనుకుని తన వంతు వచ్చేదాకా నిలబడ్డారు.

రోజూ పొద్దున మా ఆయన తల నేనే దువ్వుతున్నాను. కత్తిరించిన వైపు ఇప్పుడు చెవిని తాకుతోంది. రోజంతా అద్దాల మధ్య నిలబడే మనిషి, నా ముందు కళ్ళు మూసుకుని కూర్చుని అడుగుతాడు.

"ఎంత పెరిగిందే?"

"ఎక్కడండీ, నిన్నటిలాగే ఉంది" అంటాను. నమ్మినట్టు తలూపి, తాళాలు తీసుకుని సెలూన్‌కు వెళతాడు.