మూడో అంతస్తులో చెప్పుల చప్పుడు

కాదు, వాన అయితే ఇలా ఆగి ఆగి పడదు, మా కీలుంగ్ రేవు ఊళ్లో వాన మొదలుపెట్టిందంటే అత్తగారి సణుగుడులా సాగుతూనే ఉంటుంది, ఇది సర్రుమని ఒక ఈడ్పు, ఆ తర్వాత టప్, మళ్లీ సర్రు, మళ్లీ టప్, అచ్చం ఎవరో రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ మూడో అంతస్తు వసారాలో నడుస్తున్నట్టు, ఎవరో ఏమిటి, అచ్చం పోయిన మా ఆయన నడిచినట్టే, అరవై దాటినదాన్ని, పాడుబడ్డ ఆసుపత్రి మెట్ల మీద ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టి చెవులు రిక్కించుకుని నిలబడిపోయాను, వెనకనుంచి యూలాన్ నా వానకోటు పట్టుకుని లాగుతోంది, విన్నావా వదినా, మా అన్నయ్యే, నే చెప్పలా, పోయాక ఇంటికి రాలేదు వాడు, ఇక్కడే తిరుగుతున్నాడు, అంటోంది, దాని గొంతులో ఏడుపు ఉంది, గెలుపు కూడా ఉంది, నాకేమో ఒళ్లంతా చీమలు పాకినట్టుంది, పరిగెత్తాలనిపిస్తోంది, కిందికి కాదు, పైకి.

ముందు నడుస్తున్న కువో చెయ్యెత్తి ఆగమన్నాడు, ఇంకో చేతిలో మీటరు, దయ్యాలుంటే గాల్లో కరెంటు పుట్టి దీని ముల్లు లేస్తుందట, దాన్ని తనే తయారుచేసుకున్నాడు, ముప్పొద్దులా లిఫ్టులు బాగుచేసిన చేతులు ఊరికే ఉండలేవు కదా, ఆ మీటరు పక్కనే రబ్బరుబ్యాండుతో కట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం, అది పక్కనుంటే యంత్రాలు మొరాయించవట, దయ్యాల్లేవంటారు, మరి ఆ పొట్లం ఏమిటి కువో గారూ, అని యూలాన్ గేటు దగ్గరే చురకంటించింది, యంత్రం సంగతి వేరమ్మా, యంత్రానికి నిజంగానే బుద్ధుండదు, అన్నాడు నవ్వకుండా, గేటు కాపలావాడు మాత్రం నవ్వి తాళం తీశాడు, వచ్చేవారం కూలగొట్టేస్తున్నాం, చూసుకునేదేదో ఇవాళే చూసుకోండి, చీకటి పడకముందే దిగిరండి, అన్నాడు, ఇంకా మధ్యాహ్నమే, పగిలిన కిటికీల్లోంచి ఓడరేవు బూడిదరంగులో కనిపిస్తోంది, క్రేన్లు వానలో తలలు వంచుకున్నాయి, ఇంత వెలుతురులో దయ్యాలు వస్తాయా, ఎందుకు రావు, మా ఆయన పొద్దుట లేచే మనిషే, ఓడల మరమ్మతు షెడ్డుకి పొద్దుటే చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లి, సాయంత్రం ఈడ్చుకుంటూ వచ్చేవాడు, వీధి మలుపులోనే వినబడేది, చేప ఉండలు వేడిచేయడానికి సరిగ్గా చాలేంత సేపు, తియన్‌షుయ్ వస్తున్నాడు పొయ్యి వెలిగించు అని పక్క కొట్టువాళ్లు కూడా అరిచేవాళ్లు, ఆ చెప్పులే, ఆ చప్పుడే, బజారంతా నాకు చెప్పి చెప్పి చంపింది, బావ్‌జూ, నిన్న కెమెరాలు పట్టుకుని కుర్రాళ్లు ఆ ఆసుపత్రికి వెళ్లారట, మూడో అంతస్తులో మీ ఆయన నడుస్తున్నాడట, అని నా కొట్టులో సూపు తాగుతూ చెబుతారు, చెప్పి ఇంకొంచెం ఉల్లికాడలు వెయ్యమంటారు, నేను వేస్తాను, వేస్తూ అనుకుంటాను, అక్కడే ఊపిరాడక పోయిన మనిషి, ఇంకా ఆ మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాడా అని.

అందుకే కదా కువో ఆ మాట అడిగినప్పుడు నా చేతిలో గరిటె ఆగిపోయింది, రోజూ మూలబల్ల మీద కూర్చుని తినే మనిషి, భార్య పోయి చాలాకాలమైనవాడు, ఆ రోజు గిన్నె ఖాళీ చేసి, చూడండి బావ్‌జూ గారూ, మీ పొయ్యొకటి నా పొయ్యొకటి, ఇద్దరు మనుషులకి రెండు పొయ్యిలెందుకు, అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు, నేనేమో, ఆయన ఆ కొండమీది ఆసుపత్రిలో ఇంకా తిరుగుతుంటే నేనెలా కువో గారూ, అన్నాను, దయ్యాల్లేవు లెండి అని కొట్టిపారేస్తాడనుకున్నాను, పారెయ్యలేదు, తల గీరుకుని, అయితే వెళ్లి చూద్దాం, ఉన్నాడని తేలితే ఇంటికి తీసుకొచ్చే పని చూద్దాం, అన్నాడు, ఆసుపత్రివాళ్ల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు, ఈ మీటరు కట్టాడు, దయ్యాల్ని నమ్మని మనిషి నాకోసం దయ్యాన్ని ఇంత శ్రద్ధగా వెతుకుతున్నాడు, మెట్లు నాచుపట్టి జారుతున్నాయి, మోచెయ్యి ఇలా ఇవ్వండి, అంటున్నాడు, ఇచ్చాను, సర్రు, టప్, ఇంకా దగ్గరగా, సర్రు, టప్, యూలాన్ పళ్ల మధ్యనుంచి బుద్ధనామం జపిస్తోంది, నా గుండె గబగబా కొట్టుకుంటోంది, తలుపు తోశాం.

వసారా పొడుగునా ఎవరూ లేరు, గోడల సున్నం పెచ్చులు, ఒరిగిన చక్రాల కుర్చీ, నీటి మడుగులు, చప్పుడు మాత్రం ఉంది, చివరి గదిలోంచి, అదే గది, ఆయన పోయిన గది, నేను ఇక పట్టుకోలేకపోయాను, కువో చెయ్యి వదిలించుకుని నడిచాను, నడవడమేమిటి, పరిగెత్తాను, వదినా ఆగు, కొంపముంచకు, అని యూలాన్, నేలంతా గాజుపెంకులు చూసుకోండి, అని కువో, ఎవరు వింటారు, ఏమండీ, నేనే, బావ్‌జూని, అంటూ లోపలికి వెళ్లాను, మంచాల్లేవు, పైన కమ్మీకి మంచాల మధ్య కట్టే ప్లాస్టిక్ తెర ఒకటి వేలాడుతోంది, గాలి కొట్టినప్పుడల్లా దాని అంచు తడినేల మీద సర్రుమని ఈడ్చుకుపోయి గోడకి టప్‌మని తగులుతోంది, నేను చూస్తూ ఉండగానే మళ్లీ ఈడ్చుకుపోయి మళ్లీ తగిలింది, కువో వెనకనుంచి వచ్చి దాని అంచు పట్టుకున్నాడు, చప్పుడు ఆగింది, వదిలాడు, మొదలైంది, నా వైపు చూశాడు, ఇదేనండీ, అన్నాడు మెల్లగా, అదేదో తన తప్పయినట్టు.

యూలాన్ ఒప్పుకోదు, తెర తెరే, మా అన్నయ్య మా అన్నయ్యే, అంటూ సంచిలోంచి అగరుబత్తులు తీస్తోంది, అంతలో కువో చేతిలో మీటరు ముల్లు లేచింది, నిజంగా లేచింది, పడిపోయి మళ్లీ లేచింది, కరెంటు తీగలు కూడా పీక్కుపోయిన భవనంలో, అప్పటికి నేను చూడలేదు, యూలానూ చూడలేదు, కువో మీటరు జేబులో పెట్టేసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, పెట్టుకోలేదు, మా ఇద్దరి ముందూ చాచి, ఇటు చూడండి, ఇది దేనికి లేస్తోందో నాకు తెలీదు, దీనికి నా దగ్గర జవాబు లేదు, అన్నాడు, ఈ ముల్లు తను నన్నడిగిన మాటకే అడ్డం వస్తుందని తెలిసీ చూపిస్తున్నాడు, నాకు అప్పుడు ముల్లు కనబడలేదు, దాన్ని పట్టుకున్న చేతిమీద నూనె మరకలు కనబడ్డాయి, మళ్లీ గుండె దడ, చెవుల్లో హోరు, ప్రశ్న చెక్కలు తియ్యి యూలాన్, ఆయన్నే అడుగుదాం, అన్నాను.

ఎర్రటి చంద్రవంక చెక్కలు రెండూ, చెరోవైపు పడితే అవునని, రెండూ బోర్లా పడితే లేదని, దోసిట్లో పెట్టుకుని మోకరిల్లాను, ఏమండీ, మీరిక్కడే ఉన్నారా, అని వదిలాను, రెండూ చదునువైపు పైకి పడి ఊగుతున్నాయి, నవ్వుతున్నాడు, జవాబు చెప్పడట, అంది యూలాన్, మళ్లీ వేశాను, మళ్లీ నవ్వే, ఛీ, చచ్చినా వేళాకోళం పోలేదు మా వాడికి, అని ముక్కు చీదింది, నాకూ నవ్వొచ్చింది, సరిగ్గా చెప్పండి, మీరిక్కడ ఉన్నారా, లేరా, మూడోసారి రెండూ గుండ్రం వైపు పైకి తిరిగి, నేలని కరుచుకుని పడ్డాయి, లేదు, అంతే, కదలికే లేదు, యూలాన్ చెక్కల వంకే చూస్తూ, మరయితే ఏడీ వదినా, ఇక్కడ లేకపోతే ఎక్కడున్నట్టు, అంది చిన్నపిల్లలా, నేను దాని పక్కన కూర్చుని చెప్పాను, ఇంటికొచ్చేశాడే, ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు, ఆత్మ దారి తప్పకుండా బండిలో దారి పొడుగునా నేనే పిలిచాను కదా, మలుపు తిరుగుతున్నాం రండి, వంతెన దాటుతున్నాం రండి, సొరంగంలోకి వెళుతున్నాం, భయపడకండి, వెనకే రండి అని గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను, వచ్చాడు, నాకు తెలుసు, తెలిసీ బజారు మాటలు విన్నాను, యూలాన్ తలూపింది, చాలాసేపు ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని, ముల్లు మరి ఇంకెవరి కోసం లేచిందో, పాపం, అని ఆ ఎవరికో ఒక అగరుబత్తి గుచ్చింది, కువో కిటికీ దగ్గరికి వెళ్లి మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు, అది చూసి యూలాన్ గొంతు తగ్గించి, నాకంతా తెలుసులే వదినా, బజారులో ఎవరికి తెలీదు, ఆ రెండు పొయ్యిల మాట కూడా ఇక్కడే అడిగెయ్, అన్నయ్య సరేనంటే నేనేమీ అనను, అంటూ చెక్కలు తీసి నా చేతిలో పెట్టింది.

చెక్కలు చల్లగా ఉన్నాయి, వేద్దామనే వేళ్లు విప్పాను, ఏమని అడగను, ఎవరిని అడగను, ఆయన ఇక్కడ లేడు, చెప్పుల చప్పుడు తెరదని తేలింది, చెక్కలు కూడా చెప్పాల్సింది చెప్పేశాయి, భయపడటానికి గదిలో ఇంకేమీ మిగల్లేదు, మరి నా గుండె ఇంకా ఎందుకిలా కొట్టుకుంటోంది, మెట్లమీద కువోకి మోచెయ్యి ఇచ్చినప్పటినుంచీ ఇలాగే కొట్టుకుంటోంది, దాన్ని దయ్యం భయమనుకున్నాను, ఆయన దగ్గరికి వెళుతున్నాననే ఆత్రమనుకున్నాను, ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఏ మాటకీ నాకు అడ్డు చెప్పలేదు, ఇప్పుడు పోయాక ఎందుకు చెబుతాడు, ఈ ప్రశ్న ఆయనది కాదు, వెయ్యనులే యూలాన్, దీనికి జవాబు నా దగ్గరే ఉంది, అని చెక్కలు దాని సంచిలో పెట్టేశాను, అది నా ముఖంలోకి చూసి, అయితే వెళ్లి చెప్పు, ముసలాయన కిటికీలోంచి దూకేలా ఉన్నాడు, అంది, నేను లేచాను, నాకు భయం లేదు, అసలు ఇప్పటిదాకా వేసింది కూడా భయం కాదు, సంతోషం.