ఓరుగల్లు గొంగడి

సూరత్‌లో మంచానికి కూడా తీరిక ఉండదు. ఉధ్నాలో బట్ట నేసే సాంచాలు పగలూ రాత్రీ నడుస్తాయి కాబట్టి, కూలీలుండే వడోద్ వాడ గదుల్లో ఒక్కో మంచానికి ఇద్దరేసి మనుషులు. పగటి షిఫ్టువాడు లేచి పోగానే రాత్రి షిఫ్టువాడు వచ్చి వాలతాడు. ఎవరి బొంత వారిదే. లేచినవాడు తనది చుట్టి గోడకు ఆనిస్తే, వచ్చినవాడు తనది పరుచుకోవాలి. అడక్కుండా బీడీ తీసుకోవచ్చు, చెప్పులు వేసుకుపోవచ్చు. అవతలివాడి పడక మాత్రం ముట్టకూడదు.

రాజలింగానిది రాత్రి షిఫ్టు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. భార్య లత, కూతురు సాహిత్య ఊళ్లోనే ఉన్నారు. అతని మంచంలో పగలంతా పనికిపోయి రాత్రి పడుకునేవాడు మొండయ్య, ఓరుగల్లు కాకతీయుల బంటు. సుల్తాను సైన్యం రాజును పట్టుకుని ఢిల్లీకి తోలుకుపోతుంటే మొండయ్య వెంట నడిచాడు. నర్మద ఒడ్డున రాజు ప్రాణం పోయింది. రాజు లేని బంటు ఎవడికి కావాలి? వదిలేశారు. భుజాన గొంగడితో కిమ్ ఊరి మీదుగా కిందికి నడిచొచ్చి సూరత్‌లో పనికి కుదిరాడు. అప్పటినుంచీ ఇక్కడే. ఆ గొంగడి ఉన్నంతకాలం చావు అతని దగ్గరికి రాదని వాడలో చెప్పుకునేవారు.

ఆ వాడలో అలాంటివాళ్లకు కొదవలేదు. పక్క గదిలో చోళుల ఓడలు కట్టిన వడ్రంగి ఉండేవాడు, అతనికి రంగుల మిల్లులో పని. దేవగిరి ఏనుగుల మావటి టెంపో నడిపేవాడు. ఖలీఫాల బాగ్దాదులో కాగితం చేసినవాడు చీర డిజైన్ల అట్టలకు చిల్లులు కొట్టేవాడు. రాజ్యం కూలితే రాజులు పాఠాల్లోకి పోతారు, బంట్లు సూరత్ పోతారు. కిరాయి అందితే చాలు, ఇంటి యజమాని ఏ వంశమని అడగడు. మెస్ నడిపే కనకవ్వకు వాళ్లమీద ఒకటే కోపం, కూరలో టమాట వేస్తే ఇదేం కాయ అని ఏరి పారేస్తారని.

ఆ ఏడు వేసవి మొదట్లో కరోనా అని సాంచాలు ఆపేశారు. చప్పుడు లేక వాడ జనానికి నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి గుమ్మంలో ఎదురుపడి తప్పుకోవడమే గానీ కూర్చుని మాట్లాడుకోని ఇద్దరూ ఒకే మంచం మీద మిగిలారు.

"గిన్నేండ్లు ఊరికెందుకు పోలేదే అన్నా?" అని అడిగాడు రాజలింగం.

"పోదామనే అనుకున్న తమ్మీ. ఈ యేడు కాకుంటే వచ్చే యేడు, ఊరు యాడికి పోతది అనుకున్న. అనుకుంటుండంగనే రాజ్యం పోయింది, నన్నెరిగినోళ్లు పోయిండ్రు. యాది చేసేటోడు లేకుంటే సావు గూడ మర్చిపోతది."

రాజలింగం వినీ విననట్టు ఫోన్ తీశాడు. సాహిత్య రోజూ అదే అడిగేది, "బాపూ, ఎప్పుడొస్తవ్?" అని. ఎట్లాగైనా ఆ పిల్లను చూడాలి. అతనికి ఇంకో ఆశ లేదు.

మే నెలలో వాడలోని తెలుగువాళ్లంతా కలిసి ఒక బస్సు మాట్లాడారు. ఎక్కేముందు నుదుటికి మిషన్ పెట్టి చూస్తారట, జ్వరముంటే ఎక్కనివ్వరట. సరిగ్గా అప్పుడే రాజలింగానికి ఒళ్లు కాలింది. గోలీలతో దాచిపెట్టాడు. బస్సు బయల్దేరే రోజు పొద్దునకు ఊపిరి అందడం మానేసింది. ఆసుపత్రి అంటే తల అడ్డంగా ఊపాడు. అటు పోయినవాళ్ల ముఖం మళ్లీ ఎవరూ చూడలేదని వాడలో అందరూ అనుకుంటున్నారు.

కనకవ్వ గంజి పట్టుకుని గుమ్మంలో నిలబడి అరిచింది. "చూస్తవేంది మొండయ్యా? నీ గొంగడి కప్పరాదూ!"

"కప్పితే బతుకుతడు," అన్నాడు మొండయ్య. "గని గిది కప్పుకున్నోనికి ఊరుండదు. చెప్పకుండ కప్పుడు పాపం."

రాజలింగం కళ్లు తెరిచాడు. "ఊరుండదంటే? ఈ బస్సు తప్పిపోతది, గంతే గద. ఇంకోటి రాదా? ఊరు యాడికి పోతదే?"

"జర సోంచాయించు తమ్మీ. నేను గూడ గిదే మాటన్న."

"నా బిడ్డను చూడాలె. కప్పన్నా."

ఊరు ఎక్కడికీ పోదని నమ్మి, వలస వచ్చినవాళ్లందరూ చేసే తప్పే అతనూ చేశాడు. మొండయ్య గొంగడి విప్పి కప్పాడు. కాసేపటికి రాజలింగం ఊపిరి కుదుటపడింది. మొండయ్య తల మాత్రం కనకవ్వ చూస్తుండగానే నెరిసిపోయింది. "మోకాళ్లు నొస్తున్నయి అవ్వా!" అని పసివాడిలా మురిసిపోయాడు. దగ్గొచ్చింది, దానికీ మురిశాడు.

"నీ సీటు మీద నేను పోనా తమ్మీ? మీ ఇంట్ల మంచిగున్నవని చెప్పి, ఓరుగల్లుకు పోత."

"పో అన్నా. ఎనుక బస్సుకు నేనొస్తున్ననని చెప్పు."

నాలుగు రోజులకు వెనుక బస్సు వచ్చింది. జ్వరం లేదని మిషన్ చూసినవాడు చెప్పాడు. "ఏ ఊరు?" అని అడిగాడు. రాజలింగం నోరు తెరిచాడు. ఊరి పేరు రాలేదు. ఎంత తన్నుకున్నా నాలుక మీదికి రాలేదు. వెనకవాళ్లు తోసుకుంటూ ఎక్కేశారు, బస్సు పోయింది.

ఇంటికి ఫోన్ చేశాడు. సాహిత్య ఎత్తింది.

"నేనే బిడ్డా, బాపును. సూరత్ నుంచి."

"బాపు గిక్కడ అన్నం తింటున్నడు. మీరెవరు?"

"ఎవరే?" అని లోపలినుంచి లత గొంతు.

"ఎవరో అమ్మా, సూరత్ నుంచి. బాపు దోస్తేమో. బాపు వచ్చిండు అంకుల్, జర ముసలోడయిండు గని వచ్చిండు! ఉండుండ్రి, ఇస్త."

ఫోన్ చేయి మారింది.

"తమ్మీ, నేను చెప్పిన," అన్నాడు మొండయ్య. "నేను గాదని గడపల నిలవడి చెప్పిన. నా మాట ఇంటలేరు, నా మొకంల నిన్నే చూస్తుండ్రు. కాళ్లకు నీళ్లిచ్చిండ్రు. పిల్ల మెడ పట్టుకొని ఇడువలే. నాకు గూడ... నాకు గూడ కడుపు నిండ ఏడుపొచ్చింది తమ్మీ."

రాజలింగానికి తిట్టాలనిపించింది. అది నా ఇల్లు, నా బిడ్డ అని గొంతు చించుకోవాలనిపించింది. కానీ అవతల మొండయ్య ముద్ద మింగలేక ఏడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏం తిడతాడు? ఎవరిని తిడతాడు? ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"అన్నా, పిల్లకు చీకటంటే భయం. కరెంటు పోతే జర పక్కన కూసో."